లాసెన్ రోడ్డు మీద కెమెరాతో: ఒకే దారిలో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లండి

జూలైలో మూడు రోజులు సెలవు దొరుకుతుందని, శాన్ హోసే నుంచి కారులో ఉత్తర కాలిఫోర్నియాలోని లాసెన్ అగ్నిపర్వత జాతీయ ఉద్యానానికి వెళ్లాలనుకుంటున్నామని, కొత్తగా కొన్న కెమెరాతో మంచి ఫొటోలు తీయాలంటే ఎటు నుంచి ఎటు వెళ్లాలో, ఏ లెన్సులు కావాలో చెప్పమని మీరు అడిగారు. నేను ఆ దారిలో మూడు వేసవులు వెళ్లివచ్చాను. మొదటి రెండుసార్లు అనుకున్న ఫొటోలు రాలేదు, మూడోసారి వచ్చాయి. ఆ తేడాకు కారణం కెమెరా కాదు, లెన్సు కాదు, ఏ చోటికి ఏ వేళకు చేరామన్నదే.

మొదటిసారి జూన్ మధ్యలో వెళ్లాము. శాక్రమెంటో లోయలో ఎండ మండిపోతుంటే కొండ మీద కూడా వేసవి వచ్చేసి ఉంటుందని నమ్మి, ముందుగా విచారించుకోకుండా బయలుదేరడం నా పొరపాటు. ఉద్యానంలోని ప్రధాన రహదారి పొడవు సుమారు 30 మైళ్లే అయినా అది 8,500 అడుగులకు పైగా ఎత్తుకు ఎక్కి దిగుతుంది. శీతాకాలపు మంచు తొలగించి మధ్య భాగాన్ని తెరిచేసరికి కొన్ని సంవత్సరాలలో జూలై కూడా వచ్చేస్తుంది. మేము రెండు చివరలను మాత్రం చూసి వెనుదిరిగాము. అందువల్ల మీరు జూలై రెండో వారం తరువాతి తేదీలు పెట్టుకొని, బయలుదేరే ముందు రోజు ఉద్యానం వెబ్‌సైటులో రోడ్డు సంగతి, నడక దారుల సంగతి తప్పకుండా చూసుకోండి. ఆగస్టు దాటితే కార్చిచ్చుల పొగ ఆకాశాన్ని కప్పేసే అవకాశం ఎక్కువ. 2021లో వచ్చిన డిక్సీ అనే కార్చిచ్చులో ఈ ఉద్యానంలో సగానికి పైగా భాగం కాలింది. ఆ నల్లని మోళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని తప్పించి ఫొటో తీయాలని చూడకండి, అవి కూడా ఆ నేల చరిత్రలో భాగమే.

రెండోసారి రోడ్డు తెరిచే ఉంది గానీ, మేము పదకొండు గంటలకు లోపలికి వెళ్లి మూడు గంటలకు బయటికి వచ్చాము. నడినెత్తిన సూర్యుడు ఉండగా తీసిన ఆ ఫొటోలలో లాసెన్ శిఖరం ఒక బూడిద రంగు గుట్టలా, ఎత్తూ లోతూ లేకుండా కనిపించింది. అగ్నిపర్వతమంటే నల్లగా ఉంటుందని మనం ఊహించుకుంటాము. కానీ లాసెన్ శిఖరం డేసైట్ అనే లేత బూడిద రంగు రాతితో ఏర్పడింది. చిక్కని లావా దూరం పారలేక, పైకి తన్నుకువచ్చిన చోటనే గుమ్మటంలా పేరుకుపోయింది. అటువంటి రాతికి పక్కనుంచి వెలుగు పడితేనే గరుకుదనమూ, చీలికలూ, గులాబీ ఛాయలూ బయటపడతాయి.

మూడోసారి పాటించిన క్రమం ఇది. మొదటి రోజు రెడ్డింగ్‌లో పెట్రోలు నింపుకొని, 44వ నంబరు రోడ్డు మీదుగా వాయవ్య ద్వారం దగ్గరున్న మంజనీటా సరస్సుకు సాయంత్రానికి చేరండి. సరస్సు పడమటి ఒడ్డున నిలబడితే శిఖరం మీకు తూర్పు దిక్కున ఉంటుంది కాబట్టి, అస్తమించే సూర్యుడు మీ వీపు వెనుక నుంచి దాని మీద పడతాడు. గాలి తగ్గితే నీటిలో కొండ ప్రతిబింబం కూడా దొరుకుతుంది. అదే చోట ఉదయం నిలబడితే కొండ నల్లటి నీడగా మాత్రమే కనిపిస్తుంది.

రెండో రోజు తెల్లవారకముందే లేచి, 'విధ్వంస ప్రాంతం' అని పేరున్న చోటికి వెళ్లండి. అది శిఖరానికి ఈశాన్యాన ఉంది కనుక తొలి కిరణాలు నేరుగా ఆ ముఖం మీదనే పడతాయి. 1915 మే నెలలో పేలుడు ధాటికి కరిగిన మంచు, రాళ్లు, బురద కలిసి ఈ వాలు మీదుగా దూసుకుపోయి అడవిని తుడిచిపెట్టాయి. ఉత్తరంగా కొంత దూరంలో రోడ్డు పక్కనే ఉన్న సుమారు 300 టన్నుల 'వేడి రాయి' ఆ ప్రవాహంలో కొట్టుకొచ్చినదే. ఇక్కడ మీకు బి.ఎఫ్. లూమిస్ గురించి చెప్పాలి. దగ్గరలోనే నివసించిన ఆయన 1914 జూన్‌లో శిఖరం పొగలు కక్కుతుండగా గాజు పలకల కెమెరాతో వరుసగా ఫొటోలు తీశారు. 1916లో ఈ ప్రాంతం జాతీయ ఉద్యానం కావడానికి ఆ ఫొటోలు ఎంతో తోడ్పడ్డాయి. మంజనీటా సరస్సు దగ్గర ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాలలో వాటిని చూసి, తరువాత అదే కొండకు ఎదురుగా నిలబడండి. నేను అలా చూసిన తరువాతనే ఫొటోలో కొండతో పాటు ఒక చెట్టునో, ఒక మనిషినో ఉంచడం అలవాటు చేసుకున్నాను. అవి లేకపోతే ఆ పరిమాణం చూసేవారికి అందదు.

అక్కడి నుంచి దక్షిణంగా ఎక్కుతూ, కింగ్స్ క్రీక్ పచ్చికబయలు దగ్గర కొద్దిసేపు ఆగి, హెలెన్ సరస్సు చేరండి. జూలైలో కూడా దాని మీద మంచు పలకలు తేలుతుండవచ్చు. దగ్గరలోనే బంపస్ హెల్ దారి మొదలవుతుంది. రానూపోనూ సుమారు మూడు మైళ్లు నడక. 8,000 అడుగుల ఎత్తు కాబట్టి పెద్దవారు వెంట ఉంటే నెమ్మదిగా నడిపించండి. గంధకపు వాసన ముందుగానే పలకరిస్తుంది, తరువాత ఉడుకుతున్న బురద గుంటలు, బుసలు కొట్టే ఆవిరి కనిపిస్తాయి. గాలి చల్లగా ఉన్న ఉదయం వేళ ఆవిరి దట్టంగా కనిపిస్తుంది, మధ్యాహ్నపు పొడి గాలిలో వెంటనే విరిగిపోతుంది. ఆవిరికి మాత్రం నేను పైన చెప్పినది తారుమారు చేయాలి: సూర్యుడు ఎదురుగా ఉండి, ఆవిరి వెనుక చీకటి కొండవాలు ఉంటే అది వెండిలా వెలుగుతుంది. తెల్లని భాగంలో వివరాలు పోకుండా ఎక్స్‌పోజర్ (కెమెరాలో పడే వెలుగు) కొంచెం తగ్గించి, రా (RAW) ఫైలుగా, అంటే కెమెరా పట్టిన సమాచారమంతా ఉండే ఫైలుగా తీసుకోండి. చెక్క బాట దిగి ఒక్క అడుగు కూడా పక్కకు వేయవద్దు. ఆ చోటుకు పేరు వచ్చిన బంపస్ అనే ఆయన 1860లలో పైపొర విరిగి మరిగే బురదలో కాలు పడి, చివరకు ఆ కాలునే పోగొట్టుకున్నారు.

మధ్యాహ్నం విశ్రాంతి తీసుకొని, నాలుగు దాటాక అదే రోడ్డు మీద వెనక్కి రండి. ఉదయం నీడలో ఉండిపోయిన పడమటి వాలులన్నీ అప్పుడు వేరే కొండలేమో అనిపిస్తాయి.

మూడో రోజుకు ఉద్యానానికి ఉత్తరాన ఉన్న సబ్‌వే గుహ చాలు. పైన లావా గట్టిపడి, లోపలి లావా పారిపోగా మిగిలిన సొరంగం అది. బయట ఎంత ఎండ ఉన్నా లోపల సుమారు 8 డిగ్రీల సెల్సియస్ చలి ఉంటుంది, టార్చి లేకుండా వెళ్లలేరు. బసాల్ట్ అనే ఆ నల్లని లావా రాతిని తాకినప్పుడు నాకు వికారాబాద్ వైపు రాళ్లు గుర్తుకు వచ్చాయి. మన నల్లరేగడికి మూలమైన దక్కన్ లావా కూడా ఈ జాతి రాయే, కాకపోతే దాని వయసు ఆరున్నర కోట్ల సంవత్సరాలు. సమయం మిగిలితే బర్నీ జలపాతానికి వెళ్లండి. 129 అడుగుల ఆ కొండచరియలో, పైనుంచి దూకే నీటితో పాటు లావా పొరల సందుల నుంచి కూడా నీరు ఊరుతుంది కాబట్టి వేసవిలోనూ ఎండిపోదు.

లెన్సుల విషయానికి వస్తే, 24 నుంచి 105 మిల్లీమీటర్ల జూమ్ ఒక్కటి ఈ దారికి సరిపోతుంది. లెన్సులు మారుస్తూ ఉంటే కెమెరా లోపల వెలుగును పట్టే సెన్సర్ మీద బూడిద దుమ్ము చేరుతుంది. ఆవిరి దగ్గర ముందు అద్దానికి ఒక ఫిల్టరు తగిలించి, మెత్తని గుడ్డ జేబులో ఉంచుకోండి. జలపాతానికీ, సరస్సుకూ ట్రైపాడ్ కావాలి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలి రండి, జాతీయ ఉద్యానాలలో దానిని ఎగరేయడం నిషిద్ధం.