నల్లజాతి పురుషులపై అన్యాయాన్ని అమెరికా రచయితలు ఎలా ఎదిరించారు?

దీని మీద అసైన్‌మెంట్ రాస్తున్నానని, ఆ రచయితల బలమంతా ఆవేశంలోనే ఉందా అని మీరు అడిగారు. ఆవేశం ఉంది. కానీ నేను చదివినంతలో అసలు బలం, చదివేవాళ్లను తెచ్చి ఎక్కడ నిలబెడతారన్న దాంట్లో ఉంది.

షికాగోలో ఎమ్మెస్ చేసేటప్పుడు ఒక రైటింగ్ క్లాసు తీసుకున్నాను. అక్కడ చదివించిన వాటిలో అమెరికా రచయిత బ్రెంట్ స్టేపుల్స్ 1986లో రాసిన వ్యాసం ఒకటి. తన మొదటి బాధితురాలు ఒక తెల్ల యువతి అంటూ మొదలవుతుంది. ప్రొఫెసర్ అక్కడే ఆపి, ఇది రాసిందెవరై ఉంటారని అడిగారు. హంతకుడనీ దొంగనీ జవాబులొచ్చాయి. తీరా చూస్తే అతను యూనివర్సిటీ ఆఫ్ షికాగోకు కొత్తగా చదువుకోడానికి వచ్చిన ఇరవై రెండేళ్ల నల్లజాతి కుర్రాడు. రాత్రి వీధిలో ఆమె వెనకగా నడిచాడు, అంతే. ఆమె భయపడి పరుగు తీసింది. నల్లవాళ్లను అనుమానించకండని అతనెక్కడా బోధించడు. ఆ అనుమానాన్ని క్లాసు నోటితోనే చెప్పించాడు. ఎదుటివాళ్ల టెన్షన్ తగ్గడానికి రాత్రిళ్లు వివాల్డీ లాంటి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఈల వేస్తూ నడుస్తానంటాడు చివర్లో. అది చదివాక మా క్లాసులోని ఒక నల్లజాతి కుర్రాడు, లిఫ్టులో ఎవరైనా ఒంటరిగా ఉంటే తను అమ్మతో ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తానని చెప్పాడు. ఏ తప్పూ చేయనివాడికి రోజూ ఇదేం పరీక్ష!

మార్టిన్ లూథర్ కింగ్‌ది ఇంకో పద్ధతి. 1963 ఏప్రిల్‌లో వర్ణవివక్షపై నిరసన చేసినందుకు ఆయన అలబామాలోని బర్మింగ్‌హామ్ జైల్లో ఉండగా, నిరసనలు ఆపి ఓపిక పట్టమని ఎనిమిది మంది తెల్ల మతాచార్యులు ప్రకటన ఇచ్చారు. ఆయన వార్తాపత్రిక అంచుల మీదే జవాబు మొదలుపెట్టారు. అందులో మూడొందల పైచిలుకు మాటలున్న ఒకే ఒక్క వాక్యం ఉంది. మూకలు మీ అమ్మానాన్నల్ని చంపడం చూసినప్పుడు, పార్కులోకి ఎందుకు రానివ్వరో ఆరేళ్ల కూతురికి చెప్పలేక నోరు తడబడినప్పుడు, ఎంత వయసొచ్చినా మిమ్మల్ని 'బాయ్' అనే పిలిచినప్పుడు... ఇలా సాగుతూనే ఉంటుంది. క్లాసులో దాన్ని పైకి చదివే వంతు నాకొచ్చింది. ఊపిరి అందలేదు. ఓపిక పట్టమన్న పెద్దమనుషుల్ని ముందు ఆ వాక్యం చివరిదాకా ఓపిక పట్టమంటున్నారాయన. మీరూ పైకి చదివి చూడండి.

నాకు అందరికంటే గొప్పగా అనిపించేది మాత్రం నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్. 1892లో మెంఫిస్‌లో ఆమె స్నేహితుడు, కిరాణా కొట్టు నడిపే థామస్ మాస్‌ను, మరో ఇద్దరు నల్లవాళ్లను ఒక తెల్లవాళ్ల మూక జైలు నుంచి లాక్కెళ్లి చంపింది. నల్ల మగవాళ్లు తెల్ల స్త్రీలపై అత్యాచారం చేస్తారు కాబట్టే ఇలాంటి హత్యలని అప్పట్లో సమర్థించుకునేవారు. వెల్స్ ఈ హత్యల గురించి తెల్లవాళ్ల పత్రికల్లో అచ్చయిన లెక్కలే తీసింది. చంపేసిన వాళ్లలో మూడోవంతు మందిపైనే ఆ ఆరోపణ ఉందని చూపించింది. రుజువు సంగతి తర్వాత, అది ఉత్త ఆరోపణే. లెక్కలు తనవైతే అబద్ధమని కొట్టిపారేసేవాళ్లు. తమ పత్రికలనే ఎలా కొట్టిపారేస్తారు? ఆ ఏడాదే ఆమె పత్రిక ఆఫీసును ధ్వంసం చేశారు. ఆమె న్యూయార్క్ నుంచి రాస్తూనే ఉంది.

ఒక్కరినే ఎంచుకోవాలంటే వెల్స్‌నే తీసుకోండి. ఆమె 1895లో వేసిన 'ది రెడ్ రికార్డ్' అనే చిన్న పుస్తకం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పేర్లు, ఊళ్లు, ఆరోపణలు ఉన్న జాబితాలను దాటేయకుండా చదవండి. ఆమె వాదనంతా వాటి మీదే నిలబడింది.