‘ఎందుకు’ అని అడగకండి, ఎం.బుక్ అడగండి

ప్రశ్న: మా కాలనీలో రెండేళ్ల కిందట మురుగు కాలువ పని మొదలుపెట్టారు. మూడో వంతు కట్టి వదిలేశారు. కట్టిన గోడ కూడా గోటితో గీకితే రాలుతోంది. వీధి మొదట్లో పెట్టిన బోర్డు మీద మాత్రం 180 మీటర్ల కాలువ పూర్తయినట్టు రాసి ఉంది. మున్సిపల్ ఆఫీసులో రెండుసార్లు, కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒకసారి అర్జీ ఇచ్చాం. ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది గానీ కాలువ రాలేదు. మా సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టి 47 రోజులైంది, జవాబు లేదు. గట్టిగా అడిగితే ‘విధులకు ఆటంకం కలిగిస్తున్నారని కేసు పెడతాం’ అంటున్నారు. మా కుర్రాళ్లేమో కమిషనర్ కారు ఆపేద్దాం అంటున్నారు. అసలు లెక్క అడిగే హక్కు మాకుందా? ఎవరూ పట్టించుకోకపోతే ఎక్కడికి వెళ్లాలి?
– ఒక పాఠకుడు (పేరు, ఊరు రాయవద్దన్నారు)

జవాబు: మీ ఉత్తరం చదవగానే ముందు తేదీలు లెక్కపెట్టాను. హక్కుల సంగతి తర్వాత చూద్దాం, మీకు గడువు దగ్గర పడుతోంది. సమాచార హక్కు చట్టం ప్రకారం పౌర సమాచార అధికారి, అంటే పీఐఓ, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే తిరస్కరించినట్టే లెక్క. ఆ 30 రోజులు అయిపోయిన దగ్గర్నుంచి మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవాలి. అదే ఆఫీసులో పీఐఓ కంటే పై అధికారి దాన్ని వింటారు. అంటే దరఖాస్తు అందిన రోజు నుంచి దాదాపు 60 రోజులు. మీకు రెండు వారాలు కూడా లేవు. తగిన కారణం చూపితే గడువు దాటాక కూడా అప్పీలు తీసుకోవచ్చని చట్టంలో ఉంది. అయినా ఆ దయ మీద ఆధారపడొద్దు. ఈ వారమే వేసేయండి.

అయితే ఒక మాట. మీరు పంపిన దరఖాస్తు నకలు చూశాను. అందులో ఉన్నవి నాలుగు ప్రశ్నలు: కాలువ ఎందుకు పూర్తి చేయలేదు, ఎప్పుడు పూర్తి చేస్తారు, దీనికి బాధ్యులెవరు, వాళ్ల మీద చర్య ఎందుకు తీసుకోలేదు. న్యాయమైన కోపమే. కానీ ఆ కోపానికి ఈ చట్టం జవాబివ్వదు. ఆఫీసులో కాగితం మీదో, ఫైల్లోనో, కంప్యూటర్లోనో అప్పటికే ఉన్నదే ఈ చట్టం లెక్కలో ‘సమాచారం’. లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన పని, అభిప్రాయాలు చెప్పాల్సిన పని అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి ‘ఎందుకు’ అన్న మాట కనిపించగానే పీఐఓకి ప్రాణం లేచొస్తుంది. ‘ఇది సమాచారం కిందకు రాదు’ అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు. నా దగ్గరకు వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట దగ్గరే బోల్తా పడతాయి.

ఇంకో చిక్కు లెటర్‌హెడ్. ఈ హక్కును చట్టం పౌరులకు ఇచ్చింది, సంఘాలకు కాదు. ఆ సాకుతో దరఖాస్తు తిప్పి పంపేవాళ్లున్నారు. అందుకని అప్పీలు వేస్తూనే, అదే రోజు కొత్త దరఖాస్తు కూడా పెట్టండి. ఈసారి మీ సొంత పేరుతో, ఇంటి చిరునామాతో. ఇంకో నలుగురు కూడా ఎవరి పేరుతో వాళ్లు అదే దరఖాస్తు పెడితే మరీ మంచిది. ఒక్కడే అడిగితే వాడి నోరు మూయించాలని చూస్తారు, అయిదుగురు అడిగితే అది కాస్త కష్టం.

మరి ఏమడగాలి? కాలువ కట్టడం అంటే సిమెంటు పని ఎంతో కాగితం పని అంత. ఎస్టిమేట్ వేస్తారు, సాంకేతిక మంజూరు ఇస్తారు, టెండరు పిలుస్తారు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు రాసుకుంటారు, వర్క్ ఆర్డర్ ఇస్తారు. పని జరిగాక ఇంజినీరు కొలతలు తీసి ఒక పుస్తకంలో ఎక్కిస్తారు. అదే మెజర్‌మెంట్ బుక్, ఆఫీసు భాషలో ఎం.బుక్. ఫలానా తేదీన ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత లోతు కొలిచానని రాసి సంతకం పెడతారు. ఆ కొలత మీదే బిల్లు తయారవుతుంది. మీ వీధిలో 60 మీటర్లే ఉండి, పుస్తకంలో 180 ఎక్కి ఉంటే, ఇక మీరు ఎవరినీ ‘బాధ్యులెవరు’ అని అడగక్కర్లేదు. సంతకం అక్కడే ఉంటుంది. పుస్తకంలోనూ 60 మీటర్లే ఉంటే బోర్డు మాత్రమే అబద్ధం, మిగిలిన పని ఇంకా కాంట్రాక్టరు మీద బాకీ. ఈ రెండూ వేర్వేరు కేసులు. కాగితం చూడకుండా ‘తినేశారు’ అని అరిస్తే ఏది నిజమో మీకూ తెలియదు.

కాబట్టి దరఖాస్తులో ఇంత రాస్తే చాలు: ఫలానా వీధి మురుగు కాలువ పనికి సంబంధించి ఎస్టిమేట్, అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్, ఎం.బుక్‌లో ఆ పని కొలతలున్న పేజీలు, చెల్లించిన బిల్లులు, నాణ్యత పరీక్ష నివేదిక, పని పూర్తయినట్టు ఇచ్చిన సర్టిఫికెట్, వీటి ధ్రువీకృత నకళ్లు ఇవ్వగలరు. కట్టిన కాలువలో ఏదైనా లోపం వస్తే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాల్సిన కాలం అగ్రిమెంటులోనే ఉంటుంది, ఆ పేజీ తప్పకుండా చూడండి. ఇంకో అంశం కూడా చేర్చండి: మీ గ్రీవెన్స్ అర్జీని ఏ నివేదిక ఆధారంగా మూసేశారో ఆ నివేదిక, ఆ ఫైల్లోని నోట్‌ఫైల్ పేజీల (అధికారులు ఒకరి తర్వాత ఒకరు తమ మాట రాసే పేజీలు) నకళ్లు. ‘పరిష్కరించబడింది’ అన్న మెసేజ్ వెనుక ఎవరో ఒకరు ‘స్థలం పరిశీలించాను’ అని రాసి ఉంటారు. ఆ ఒక్క కాగితం కోసమే దరఖాస్తు పెట్టినా తప్పులేదంటాను.

నకళ్లతో పాటు మరొకటి అడగొచ్చు, దాన్ని మాత్రం చాలామంది వాడుకోరు. చట్టంలోని 2(జె) సెక్షన్ కాగితాలనే కాదు, పనిని కూడా తనిఖీ చేసే హక్కు ఇచ్చింది. వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా అందులోనే ఉంది. కాలువ గోడ గోటితో గీకితే రాలుతోందని మీరు రాశారు కదా, ఆ కాంక్రీటు నమూనా మీ సమక్షంలో తీసి సీలు వేసి ఇవ్వమని అడగండి. రికార్డులు ఆఫీసులో కూర్చుని చూస్తామని కూడా రాయండి, మొదటి గంటకు ఫీజు ఉండదు.

దరఖాస్తు తెలుగులో రాయొచ్చు. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు, అడిగే అధికారం వాళ్లకు లేదు. ఫీజు మున్సిపల్ ఆఫీసుకు 10 రూపాయలు. తెలుగు రాష్ట్రాల నిబంధనల ప్రకారం మండల స్థాయి ఆఫీసులకు 5, గ్రామ స్థాయిలో అసలు లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు. చేత్తో ఇస్తే నకలు మీద తేదీతో రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు భద్రం చేయండి. గడువు దాటాక ఇచ్చే నకళ్లకు డబ్బు తీసుకోకూడదని 7(6) సెక్షన్ చెబుతోంది. ‘ఇది మా పరిధి కాదు’ అనే జవాబు కూడా చెల్లదు. వేరే శాఖది అయితే అయిదు రోజుల్లో వాళ్లే అక్కడికి పంపి మీకు తెలపాలి.

‘కాంట్రాక్టరు ఒప్పుకోలేదు, ఇది మూడో వ్యక్తి సమాచారం’ అని రాస్తే బెదిరిపోకండి. కాంట్రాక్టరు అభ్యంతరం వినాలే గానీ, చివరి మాట అతనిది కాదు. అయినా ఎం.బుక్ రాసింది ప్రభుత్వ ఇంజినీరు, అందులో కాంట్రాక్టరు వ్యాపార రహస్యం ఏముంటుంది? సమాచారం నిరాకరించడం సరైనదేనని అప్పీలులో రుజువు చేయాల్సిన బరువు కూడా చట్టం పీఐఓ మీదే పెట్టింది.

మొదటి అప్పీలు 30 రోజుల్లో, మరీ అయితే కారణాలు రాసి 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తప్పు తేలితే కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు, అది ఆఫీసు డబ్బు కాదు, ఆ అధికారి జేబులోంచి కట్టాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అప్పీలు వదిలేసి, 18వ సెక్షన్ కింద ‘ఫిర్యాదు’ అని కమిషన్‌కు రాస్తారు. ఆ ఫిర్యాదు మీద జరిమానా వేయొచ్చు గానీ సమాచారం ఇప్పించలేరని 2011లోనే మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు కాగితం కావాలంటే 19వ సెక్షన్ అప్పీలే దారి. ఇక రెండో అప్పీలు విచారణకు రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లే పడుతుంది. కాబట్టి దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

కాగితాలు చేతికొచ్చాక ఏం చేయాలో రాజస్థాన్ కూలీలు ఎప్పుడో చూపించారు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఊరందరినీ కూర్చోబెట్టి ప్రభుత్వ పనుల లెక్కలు పైకి చదివింది. ‘నేనా పనికి పోలేదే’ అని జనంలోంచి జనమే లేచి చెప్పారు. అప్పటికి సమాచార హక్కు చట్టమే లేదు. అది రావడానికి మరో 11 ఏళ్లు పట్టింది. మీరూ ఒక ఆదివారం ఎం.బుక్ నకలు, కొలిచే టేపు పట్టుకుని కాలువ పొడవునా నడవండి. ఫోటోలు, వీడియో తీయండి. ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరును కూడా రమ్మని ముందుగా ఉత్తరం పెట్టండి. రాకపోయినా నష్టం లేదు, పిలిచినట్టు ఆధారం ఉంటుంది.

ఇప్పుడు, ఎవరూ పట్టించుకోకపోతే అన్న ప్రశ్న. లెక్కల్లో మోసం తేలితే, అధికారుల అవినీతి మీద ఫిర్యాదులు వినే లోకాయుక్తకు ఫిర్యాదు చేయొచ్చు. లాయరు అక్కర్లేదు, అఫిడవిట్ మాత్రం జతచేయాలి. అది మోసం సంగతి. కాలువ సంగతికి నాకు ఎక్కువ నమ్మకమున్న దారి వేరే ఉంది, దాన్ని లాయర్లు కూడా మర్చిపోతుంటారు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం, వీధిలో మురుగు పారుతోందని, కాలువలు లేవని మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లారు. ప్రజలకు ఇబ్బంది కలిగించే వాటిని తొలగించమని ఆదేశించే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 133 సెక్షన్ కింద మేజిస్ట్రేటు మున్సిపాలిటీకే ఆర్డరు వేశారు. ‘మా దగ్గర డబ్బుల్లేవు’ అని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్, మన తెలుగువారైన జస్టిస్ చిన్నపరెడ్డి ఉన్న ధర్మాసనం ఆ వాదన చెల్లదంది. చట్టం అప్పగించిన కనీస విధికి నిధుల లేమి సాకు కాదంది. ఆ 133 సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. ఆర్డీఓ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు హోదాలో దీన్ని వింటారు. మురుగు నిలిచిన ఫోటోలు, ఇచ్చిన అర్జీల నకళ్లు, ఎం.బుక్ పేజీలు పెట్టి దరఖాస్తు చేయండి. సగం కట్టి వదిలిన కాలువలో నీళ్లు నిలవడం మీకు ఎంత బాధో, ఈ కేసులో అంత బలం.

అదీ కాకపోతే హైకోర్టులో రిట్, అంటే అధికారులను వాళ్ల విధి చేయమని ఆదేశించాలని కోరే పిటిషన్. సాధారణంగా మొదటి ఆర్డరు ‘వీళ్ల వినతిని ఇన్ని వారాల్లో పరిశీలించండి’ అని వస్తుంది. ఇంతేనా అని నిరాశపడతారు చాలామంది. కానీ ఆ గడువు దాటితే ఏడాదిలోపు కోర్టు ధిక్కరణ పిటిషన్ వేయొచ్చు. ఆ నోటీసులో అధికారి పేరు ఉంటుంది, ఫైలు కదిలేది అప్పుడే. పన్ను కడుతున్నాం కదా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా అని కూడా కొందరు అడుగుతారు. పన్ను అనేది ఒక సేవకు ఇచ్చే ధర కాదు కాబట్టి అక్కడ మీ కేసు నిలవడం కష్టం.

కేసు పెడతామన్న బెదిరింపు గురించి. భారతీయ న్యాయ సంహితలో 221 సెక్షన్ ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడటం గురించి, 132 సెక్షన్ ఉద్యోగి మీద దాడి, బలప్రయోగం గురించి. దరఖాస్తు పెట్టడం, అప్పీలు వేయడం, ఆఫీసులో కూర్చుని రికార్డులు చూడటం ఈ రెండింటిలో దేనికిందకూ రావు. చట్టం ఇచ్చిన హక్కు వాడుకోవడం ఆటంకం ఎలా అవుతుంది? అయితే మీ కుర్రాళ్లు చెబుతున్న పని, కమిషనర్ కారు ముందు నిలబడటం, అచ్చంగా ఆ సెక్షన్ల గుమ్మంలో నిలబడటమే. దారి అడ్డగించారని 126 సెక్షన్ కూడా కలుస్తుంది. కాలువ మాట పక్కకు పోయి, పిల్లల పాస్‌పోర్టులు, ఉద్యోగాల టెన్షన్ మీ మెడకు చుట్టుకుంటుంది. ఇంకో సంగతి, నొప్పించడానికి కాదు, చూసిన అనుభవంతో రాస్తున్నాను: కాగితాలు చేతికొచ్చాక ‘మాట్లాడుకుందాం’ అని కాంట్రాక్టరు తరఫున ఎవరైనా రావచ్చు. ఒంటరిగా కలవకండి, రూపాయి ముట్టుకోకండి. సమాచారం తెచ్చుకుని బేరాలకు కూర్చునే కొందరి వల్లే నిజాయితీగా అడిగేవాళ్లను కూడా బ్లాక్‌మెయిలర్లు అంటున్నారు.

ఆ కుర్రాళ్ల ఉత్సాహం వృథా పోనివ్వకండి. రికార్డుల తనిఖీ రోజున వాళ్లలో ఇద్దరిని తోడు తీసుకెళ్లండి. ఒకరు పేజీలు తిప్పుతుంటే ఒకరు కొలతలు రాసుకోవాలి. చూసిన పేజీల నంబర్లు, అక్కడున్న అధికారి పేరు, హోదా అదే రోజు ఒక కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. తర్వాత ఆ పేజీలు ‘కనబడటం లేదు’ అంటే, ఆ కాగితం తీసుకుని మళ్లీ రాయండి.