చిన్న కోత బైపాస్ మంచిదా, ఛాతీ తెరిచి చేసేదా?

మీ నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్, గుండెకు రక్తం అందించే మూడు నాళాల్లో బ్లాకులు. ఒక డాక్టరు పక్కటెముకల మధ్య చిన్న కోత చాలంటే, ఇంకొకరు ఛాతీ తెరవాల్సిందేనన్నారని రాశారు. నాలుగేళ్ల కిందట ఇదే టెన్షన్ మేమూ పడ్డాం.

మా నాన్నకు ఛాతీ తెరిచే చేశారు, కానీ గుండెను ఆపలేదు. పాత పద్ధతిలో గుండెను ఆపి, రక్తాన్ని హార్ట్-లంగ్ మెషిన్‌తో నడిపిస్తారు. గుండె కొట్టుకుంటుండగానే చేసే 'బీటింగ్ హార్ట్' పద్ధతిలో కుట్టు వేసే చోటును మాత్రం ఒక పరికరంతో కదలకుండా పట్టి ఉంచుతారు. మెషిన్ లేకపోతే మేలే కదా అనుకున్నాను. తీరా చదివితే, 4,752 మందిపై చేసిన 'కరోనరీ' అధ్యయనంలో ఐదేళ్లకు రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల అధ్యయనంలోనైతే మెషిన్ మీద చేయించుకున్నవాళ్లే ఐదేళ్లకు కాస్త ఎక్కువమంది బతికున్నారు. అందుకే నా లెక్కలో పద్ధతి కన్నా, ఆ సర్జన్ చేయి దేనికి అలవాటుపడిందన్నదే ముఖ్యం.

చిన్న కోత గుండె ముందువైపు నాళానికి బాగా కుదురుతుంది. మూడు నాళాలకూ అలా బైపాస్ వేసేవాళ్లున్నారు, కానీ తక్కువ. కాబట్టి "మూడూ ఇందులోనే వేస్తారా, మిగతావాటికి స్టెంట్లా?" అని సూటిగా అడగండి. ఛాతీ లోపలి ధమనిని ముందు నాళానికి కలుపుతారా అనీ అడగండి. అది పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభై మందిలో తెరుచుకునే ఉంటుంది. బైపాస్ కోసం కాలి నుంచి తీసి కలిపే సిరలు అంత కాలం నిలవవు.

కోలుకోవడంలో చిన్న కోతదే పైచేయి. తెరిచిన రొమ్ము ఎముక అతకడానికి రెండు నెలలు పట్టింది. దగ్గు వస్తోందనగానే నాన్న దిండును రెండు చేతులతో ఛాతీకి అదుముకునేవారు. మంచం మీంచి చేతులు ఆనించకుండా లేవడం అమ్మే నేర్పింది. అయినా ఆయన్ను ఎక్కువ ఏడిపించింది ఛాతీ కాదు, కాలు. చీలమండ నుంచి మోకాలి దాకా కోత, పైగా షుగర్. ఆరు వారాలు రసి కారింది. కాలి సిరను కెమెరాతో చిన్న రంధ్రాల్లోంచి తీసే పద్ధతి ఉందని మాకు ముందు ఎవరూ చెప్పలేదు. మీరు తప్పకుండా అడగండి.

అర్జెంటు అనకపోతే ఈలోగా షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. యాంజియోగ్రామ్ సీడీ తీసుకెళ్లి, చిన్న కోతతోనూ, ఛాతీ తెరిచీ చేసే సర్జన్‌కు ఒకసారి చూపించండి.