గ్దాన్‌స్క్‌లో రెండు రోజులు: అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

సెప్టెంబరు చివరి శని, ఆదివారాల్లో పోలండ్ రాజధాని వార్సా నుంచి బాల్టిక్ సముద్రపు ఒడ్డునున్న గ్దాన్‌స్క్ వెళ్దామని నువ్వు రాసి పంపిన పట్టీ చూశాను. గ్దాన్‌స్క్, సొపొట్, గ్దినియా, హెల్, మాల్‌బోర్క్ కోట, వెస్టర్‌ప్లాటె! ముందు అందులో సగం కొట్టేయి. మాల్‌బోర్క్ కోట ఒక్కటి సరిగ్గా చూడాలన్నా మూడు గంటలు లోపలే గడిచిపోతాయి, రైలు ప్రయాణం దానికి అదనం. హెల్ ద్వీపకల్పం కొసన ఉంది, వెళ్లి రావడానికే పూట పోతుంది. గ్దినియా మంచి ఓడరేవు, కానీ రెండు రోజుల్లో దానికి చోటు లేదు. గ్దాన్‌స్క్, సొపొట్, మధ్యలో ఒలీవా. మీకు ఈ మూడూ చాలు.

రెండో మాట గాలి గురించి. బాల్టిక్ ఒడ్డున సెప్టెంబరు చివరలో ఒకరోజు ఎండ కాస్తే మరునాడు చెవులు పట్టేసే గాలి వీస్తుంది. అందుకని ఒక రోజు నగరానికి, మ్యూజియానికి, ఒక రోజు సముద్రానికి పెట్టుకో. ఏ రోజు ఏదో మాత్రం ఇప్పుడే రాసెయ్యకు. శుక్రవారం రాత్రి వాన, గాలి వేగం చూసి తేల్చుకో. జూలై, ఆగస్టుల్లో అయితే మ్యూజియం టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి ఈ వెసులుబాటు ఉండదు. పైగా జూలై చివర మొదలై ఆగస్టు మధ్య దాకా సాగే సెయింట్ డొమినిక్ జాతరకు హోటల్ ధరలు కొండెక్కుతాయి. ఆ జాతర 1260 నుంచి వస్తున్నది. సెప్టెంబరు ఎంచుకుని మంచి పని చేశావు.

రైలు టికెట్ నెల ముందే తీసుకో. తక్కువ ధర సీట్లు కొన్నే ఉంటాయి, అవి అయిపోయేకొద్దీ రేటు పెరుగుతుంది. పెండొలీనో రైలు రెండున్నర నుంచి మూడు గంటల్లో చేరుస్తుంది. మామూలు ఇంటర్‌సిటీకి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, డబ్బు బాగా తక్కువ. పోలండ్ యూనివర్సిటీ విద్యార్థి కార్డుంటే రెండో తరగతిలో 51 శాతం రాయితీ వస్తుంది, అయితే 26 ఏళ్లు నిండేవరకే. మీలో ఎవరికైనా ఈ మధ్య 26వ పుట్టినరోజు వచ్చిందేమో చూసుకో, ఎమ్మెస్సుకు వచ్చే మన పిల్లలు ఎక్కువగా అక్కడే పొరబడతారు. కార్డు మీది హోలోగ్రామ్ స్టికర్ పాతబడి ఉంటే కార్డు చెల్లదు. వేసవి సెమిస్టరుది అక్టోబరు 31 దాకా పనికొస్తుంది. బెర్లిన్ నుంచి వచ్చే నీ స్నేహితురాలికి జర్మనీ కాలేజీ కార్డు మీద ఈ రాయితీ రాదు, పూర్తి టికెట్టే తీసుకోమను. పాస్‌పోర్టూ జర్మనీ నివాస కార్డూ రెండూ వెంట తెచ్చుకోమను. మామూలుగా సరిహద్దు తనిఖీలుండని షెంగెన్ దేశాల లోపలే కదా అని పాస్‌పోర్టు గదిలో వదిలేసి రావడం తప్పు, సరిహద్దులో తనిఖీలు ఉండొచ్చు. ఆమెది యూరో కార్డు కాబట్టి ఏటీఎం గానీ దుకాణంలోని మిషను గానీ యూరోల్లో తీసుకోమంటారా అని అడిగితే వద్దని పోలండ్ డబ్బు జ్లొటీలే నొక్కాలి. యూరో నొక్కితే మారకం రేటు ఆ మిషను వాళ్లు చెప్పిందే అవుతుంది.

వార్సాలో గ్దాన్‌స్కా అనే స్టేషన్ ఉంది. పేరు చూసి అక్కడికి పరిగెత్తకు, టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో అక్కడికే వెళ్లు, మామూలుగా అది సెంట్రాల్నా అవుతుంది. పెరోన్ అంటే ప్లాట్‌ఫాం, టోర్ అంటే పట్టా. ఒక్కో ప్లాట్‌ఫాంకి రెండు వైపులా రెండు పట్టాలు, వాటి నంబర్లు వేరు. పెరోన్ నంబరూ టోర్ నంబరూ కలిపేసుకుని పక్క రైలెక్కిన వాళ్లున్నారు. గోడ మీద పసుపు కాగితం బయల్దేరే రైళ్లది, తెల్లది వచ్చేవాటిది. దిగవలసింది గ్దాన్‌స్క్ గ్వూవ్‌ని. పొరపాటున దాటిపోతే కంగారు పడకు, తర్వాతి వ్జెష్చ్‌లో దిగి లోకల్ రైల్లో వెనక్కి రావచ్చు. అన్నట్టు, ఎల్ అక్షరానికి అడ్డగీత ఉంటే ‘వ’ అని పలకాలి. ఈ ఒక్కటి గుర్తుంటే దారి అడిగినప్పుడు జనానికి అర్థమవుతుంది.

బస విషయంలో ఒక చిక్కు. అందరూ పాత పట్టణం అనే రంగురంగుల ఇళ్ల వీధి నిజానికి ‘గ్వూవ్‌నె మ్యాస్తొ’, అంటే ప్రధాన పట్టణం. పాత పట్టణం అనే పేరున్న పేట దానికి ఉత్తరాన వేరే ఉంది. హోటల్ పేరులో ఏముందో చూడొద్దు, ద్వూగి తార్గ్ చౌరస్తాకి నడక ఎన్ని నిమిషాలో మ్యాపులో చూడు. ఆ వీధిలోనే గది దొరికితే సంబరపడకు, రాత్రి ఒంటిగంట దాకా కిటికీ కింద గోలే. డబ్బు మిగలాలంటే వ్జెష్చ్‌లో స్టేషన్‌కి దగ్గరగా తీసుకో. ఎస్‌కేఎం లోకల్ రైలు పది నిమిషాల్లోపే ఊళ్లోకి తెస్తుంది.

ఈ ఎస్‌కేఎం రైలే మీకు వెన్నెముక. గ్దాన్‌స్క్, వ్జెష్చ్, ఒలీవా, సొపొట్, గ్దినియా ఒకే గీత మీద ఉంటాయి. గ్వూవ్‌ని నుంచి సొపొట్ ఇరవై నిమిషాలు. కాగితం టికెట్ మీద తేదీ, సమయం అచ్చయి లేకపోతే ఎక్కే ముందే ప్లాట్‌ఫాం మీది పెట్టెలో ముద్ర కొట్టించాలి. కొన్నాం కదా అని ముద్ర లేకుండా కూర్చుంటే టికెట్ లేనట్టే లెక్క, జరిమానా తప్పదు. ట్రామ్, బస్సులకు తీసుకున్న మామూలు సిటీ టికెట్ ఈ రైల్లో చెల్లదు. రెండూ వాడే రోజున కలిపి చెల్లే టికెట్ అడుగు.

నగరం రోజున ఎనిమిదింటికల్లా ద్వూగా వీధిలో ఉండండి. పదింటి తర్వాత జనం భుజాలు రాసుకుంటూ నడుస్తారు. ఆ ఇళ్లు వందల ఏళ్లవిలా కనిపిస్తాయి గానీ 1945లో ఈ ప్రాంతంలో చాలాభాగం నేలమట్టమైంది. మీరు చూసేది యుద్ధం తర్వాత తిరిగి కట్టుకున్నది. ఇది తెలిసి చూస్తే మధ్యాహ్నం మ్యూజియంలో చూసేది మనసుకు ఎక్కుతుంది. 1633 నాటి నెప్ట్యూన్ ఫౌంటెన్ దాటి, నది ఒడ్డున ఉన్న జూరాఫ్ దగ్గర ఆగండి. 1440లలో కట్టిన ఓడరేవు క్రేన్ అది. లోపలి చెక్క చక్రాల్లో మనుషులు నడుస్తుంటే తాడు చుట్టుకుని ఓడల సరుకు పైకి లేచేది. మేరియాట్స్కా చర్చి గోపురం ఎక్కాలంటే 400 పైచిలుకు మెట్లు. మోకాళ్ల నొప్పులుంటే ఎక్కొద్దు, మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి కాబట్టి నగరం రోజు ఆదివారానికి మారితే చర్చిని మధ్యాహ్నానికి జరుపు.

మ్యూజియం ఒక్కటే ఎంచుకో. రెండో ప్రపంచ యుద్ధ మ్యూజియం, సాలిడారిటీ అనే కార్మికోద్యమం గురించి చెప్పే యూరోపియన్ సాలిడారిటీ సెంటర్ రెండూ ఒకే రోజు చూస్తే రెండోదానిలో ఒక్క ముక్కా తలకెక్కదు. యుద్ధ మ్యూజియం ప్రదర్శన 14 మీటర్ల లోతున, 5,000 చదరపు మీటర్లలో ఉంది. మూడు గంటలకు తక్కువైతే వెళ్లొద్దు. సాలిడారిటీ సెంటర్‌కి రెండు గంటలు చాలు. అది షిప్‌యార్డు రెండో నంబరు గేటు పక్కనే, తుప్పు రంగు ఉక్కు గోడలతో కనిపిస్తుంది. 1980 ఆగస్టులో కార్మికులు తమ 21 కోరికలను ప్లైవుడ్ పలకల మీద రాసి తగిలించింది ఆ గేటుకే. ముందున్న మూడు శిలువల స్తంభం ఎత్తు 42 మీటర్లు, 1970లో కాల్పుల్లో చనిపోయిన వాళ్ల గుర్తుగా నిలబెట్టారు. నన్నడిగితే మీ వయసు పిల్లలకు ఈ సాలిడారిటీ సెంటరే ముందు. వెస్టర్‌ప్లాటెను వదిలేయొచ్చు. 1939 సెప్టెంబరు 1న అక్కడ మొదలైన పోరు గురించి యుద్ధ మ్యూజియంలో తెలుస్తుంది. వెళ్లి తీరాలంటే స్టేషన్ దగ్గర 106 నంబరు బస్సెక్కి, పూట మొత్తం దానికే ఇవ్వాలి.

సముద్రం రోజున సొపొట్‌తో మొదలుపెట్టు. అక్కడి చెక్క మోలో, అంటే సముద్రంలోకి సాగే నడక వంతెన, మొత్తం పొడవు 511 మీటర్లకు పైనే. సీజన్లో టికెట్ ఉంటుంది, చలికాలంలో ఉండదు. అక్కడి నుంచి ఇసుక వెంబడి దక్షిణంగా మూడు కిలోమీటర్లు నడిస్తే యెలిత్‌కోవొ వస్తుంది. గాలి ఎదురు కొడుతుంటే తిరగేసి, యెలిత్‌కోవొ నుంచి సొపొట్ వైపు నడవండి. యెలిత్‌కోవొ నుంచి ట్రామ్‌లో ఒలీవా పార్కుకి, కెథీడ్రల్‌కి వెళ్లొచ్చు. దాని ఆర్గన్ 18వ శతాబ్దం నాటిది, దాదాపు ఇరవై నిమిషాల వాయిద్య ప్రదర్శన ఉంటుంది. ఆదివారం అది మధ్యాహ్నం తర్వాతే, ఆ వేళ కనుక్కుని మిగతాదంతా దాని చుట్టూ అమర్చు. ఆ నెల చివర పొద్దు ఏడు లోపే గూకుతుంది. గొడుగు తీసుకెళ్లకు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు తీసుకో.

తిండి దగ్గర జాగ్రత్త. ఒడ్డున వేపుడు చేపల దుకాణాల్లో బోర్డు మీద రాసిన ధర 100 గ్రాములకే. చేప 350 గ్రాములు తూగితే బిల్లు మూడున్నర రెట్లవుతుంది. వేయించక ముందే తూకం ఎంతో అడుగు. నీ శాకాహారి స్నేహితురాలికి పియెరోగి రూస్కియె చెప్పు, లోపల బంగాళాదుంప, విరిగిన పాల జున్ను ఉంటాయి. అయితే పైన పంది కొవ్వు ముక్కలు వేయించి చల్లడం అక్కడి అలవాటు. ‘బెజ్ స్క్వారెక్’ అంటే అవి లేకుండా ఇస్తారు. వొవొవీనా అంటే గొడ్డు మాంసం, వ్యెప్షొవీనా అంటే పంది. బీట్‌రూట్ సూపు కూడా మాంసం నీళ్లతో కాచింది కావచ్చు, అడగందే తాగనివ్వకు. ఆదివారాల్లో చాలావరకు సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి, పెరుగూ పళ్లూ శనివారం రాత్రే కొనుక్కోండి. మరచిపోతే కొన్ని జాప్కా దుకాణాలు తెరిచి ఉంటాయి. మరుగుదొడ్డి తలుపు మీద త్రికోణం మగవాళ్లకి, వృత్తం ఆడవాళ్లకి.

మీ అమ్మకి తృణమణి (అంబర్) నగ కొనాలన్నావు కదా. ధర తక్కువైన కొద్దీ అనుమానించు. పొడీ ముక్కలూ వేడితో అదిమి చేసింది కూడా తృణమణి పేరుతోనే అమ్ముతారు, సహజమైనదేనని బిల్లు మీద రాయమని అడుగు. రాయడానికి తటపటాయిస్తే వచ్చేసెయ్. ఇంటికొచ్చాక విడి పూసని పరీక్షించొచ్చు. 250 మిల్లీలీటర్ల నీళ్లలో ఏడెనిమిది చెంచాల ఉప్పు బాగా కరిగించి వెయ్యి. గాజు, బరువైన ప్లాస్టిక్ మునుగుతాయి, తృణమణి తేలుతుంది. కొన్ని తేలికపాటి ప్లాస్టిక్‌లు కూడా తేలతాయి కాబట్టి మునిగితే నకిలీ అని చెప్పగలవు గానీ, తేలినంత మాత్రాన అసలుదని చెప్పలేవు. వెండిలో పొదిగిన నగని మాత్రం ఉప్పునీళ్లలో వేయకు. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకు, మచ్చ పడిపోతుంది.

తిరుగు రైలుకి గంట ముందే స్టేషన్ చేరండి, పెట్టెలు లాకర్లోంచి తీసుకోవాలి కదా. ఆ రైలు గ్దినియా వైపు నుంచే వస్తుంది. సొపొట్‌లోనే ఎక్కాలనుకుంటే టికెట్ కూడా సొపొట్ నుంచే తీసుకో, పెట్టెలు ఆ రోజు మీ వెంటే ఉండాలి. సీటు బండికి కుడివైపా ఎడమవైపా అని తికమక పడొద్దు, రాత్రివేళ కిటికీలోంచి ఏమీ కనబడదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ