నిందితుడిని నేరస్థుడు అనవచ్చా?

సందేహం: విచారణ నడుస్తున్న కేసులో ఒకే మనిషిని వార్తల్లో నిందితుడు, ముద్దాయి, నేరస్థుడు అని రకరకాలుగా రాస్తున్నారు. మూడూ ఒకటేనా? ఒకదానికి బదులు మరొకటి వాడితే నష్టమేమిటి?

సమాధానం: మొదటి రెండూ ఒకటే, మూడోది వేరు. నష్టం మాత్రం పెద్దదే. అది ఆ మనిషి మనసు మీద పడుతుంది.

నిందితుడంటే నింద పడినవాడు, అంతే. నింద నిజమో కాదో ఆ మాట చెప్పదు. వినాయక చవితి నాడు చదువుకునే శమంతకమణి కథలో ప్రసేనుణ్ణి చంపాడన్న నీలాపనింద మోసిన శ్రీకృష్ణుడూ ఆ లెక్కన నిందితుడే. దోషి, నేరస్థుడు అన్న మాటలు తప్పు చేశాడని తేల్చేస్తాయి. ఆ తేల్చడం కోర్టు పని. తీర్పు రాకముందే నేరస్థుడని రాస్తే బెయిలు మీద ఇంటికొచ్చినవాడు కూడా వీధిలో తలెత్తలేడు, పిల్లలు బడిలో జవాబు చెప్పుకోలేరు.

ముద్దాయి కథ వింతగా ఉంటుంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చాక అర్థం తిరగబడి, కేసు ఎదుర్కొనేవాడికి స్థిరపడింది. రూఢి కనుక వాడవచ్చు. అయితే ‘ముద్దాయిగా తేలాడు’ అనడం తప్పు. తేలితే అతను దోషి.

‘నేరం ఒప్పుకున్నాడు’ అన్న వాక్యం ఇంకా ప్రమాదకరం. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చెబుతోంది. ఆ మాటల వల్ల కొత్త విషయం ఏదైనా బయటపడితే, దానికి సంబంధించిన మేరకే ఆ మాటలను రుజువుగా తీసుకుంటారు. పాత సాక్ష్య చట్టంలోనూ ఇదే నియమం. కాబట్టి ‘ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు’ అని రాయాలి.

జైల్లో ఉన్నవాడి విషయంలో ‘శిక్ష అనుభవిస్తున్నాడు’ అని రాసేముందు తీర్పు వచ్చిందో లేదో చూడాలి. రాకపోతే అతను విచారణ ఖైదీ. శిక్ష పడినవాడు విడుదల తేదీని లెక్క పెట్టుకోగలడు, విచారణ ఖైదీకి వాయిదా తరువాత వాయిదానే. ఆ ఎదురుచూపే నిద్రను, ఆకలిని తినేస్తుంది. దానికి తోడు పేపర్లో తన పేరు పక్కన పడని శిక్ష పడ్డట్టు అచ్చయితే ఇక నేనేం చెప్పినా ఎవరు నమ్ముతారన్న నిస్పృహలోకి జారిపోతాడు.

‘విడుదల’ ఒక్కటే రాయడమూ చాలదు. బెయిలుపై విడుదల వేరు, నిర్దోషిగా విడుదల వేరు. (సంస్కృత వ్యాకరణం ప్రకారం నిర్దోషుడు అనాలి, కానీ నిర్దోషి ఎప్పుడో స్థిరపడింది.) కోర్టు నిర్దోషి అన్నాక ‘సాక్ష్యాలు లేక బయటపడ్డాడు’ అని శీర్షిక పెడితే కోర్టు తుడిచిన నిందను మళ్లీ అంటించినట్టే. అరెస్టు వార్త మొదటి పేజీలో వేసినవారు ‘నిర్దోషి’ అన్న మాటనూ అక్కడే వేయాలి.