టోకెన్ వేరు, బొమ్మ వేరు, హక్కు వేరు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తరహా వ్యాపారం గురించి. చిత్రకారుల పనిని డిజిటల్ చేసి ఎన్ఎఫ్‌టీలుగా (ఏది ఎవరిదో బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి డిజిటల్ ఖాతాలో నమోదయ్యే టోకెన్లుగా) అమ్మడం, అవే బొమ్మలను చీకటి హాల్లో గోడల నిండా ప్రొజెక్టర్లతో చూపించి టికెట్టు పెట్టడం ఈ కంపెనీల పని. ఇందులో మంచి అవకాశం ఉన్న మాట నిజం. అది చిత్రకారుడికి దక్కాలంటే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి.

ప్రశ్న: మాది చేర్యాల. మా నాయన కాలం నుంచి పటాలు గీస్తున్నం. ఒక కంపెనీ వాళ్లొచ్చి మా పటం ఫొటో తీసి నూరు ఎన్ఎఫ్‌టీలు చేసి అమ్ముతమంటున్నరు, హాల్లో కూడ ఏస్తమంటున్నరు. అగ్రిమెంటు ఇంగ్లిష్‌ల ఉంది. సంతకం పెట్టొచ్చునా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. ఆ కాగితంలో నాలుగు బేరాలు కలిసిపోయి ఉంటాయి. పటాన్ని ఫొటో తీయడం ఒకటి, ఆ ఫైలును టోకెన్లుగా అమ్మడం మరొకటి, హాల్లో ప్రదర్శించడం ఇంకొకటి. కాపీరైట్ ఎవరి దగ్గర ఉంటుందన్నది అన్నిటికన్నా పెద్దది. ఒక్కోదానికి విడిగా పేరా, విడిగా ధర, విడిగా గడువు రాయమని అడగండి. తెలుగు ప్రతి కూడా ఇమ్మనండి. ఇవ్వనంటే ఆ బేరం మీకు అక్కర్లేదు.

మార్కండేయ పురాణం గానీ, మడేలు పురాణం గానీ ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ కథను మీరు గీసిన గీత, గళ్లు పేర్చిన వరుస, మనుషులను నిలబెట్టిన తీరు మీవే. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని అర్థం. అందుకే ఇలాంటి కాగితాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు ముందే అచ్చయి వస్తాయి. కొట్టేయాల్సింది వాటినే. హక్కులు రాసివ్వడం కాకుండా లైసెన్సు మాత్రమే ఇవ్వండి: ఈ ఒక్క పటం, ఇన్ని టోకెన్లు, ఫలానా హాళ్లు, రెండేళ్లు.

హాల్లో వేసేటప్పుడు మీ బొమ్మల్లోని మనుషులను కత్తిరించి, చేతులూ కళ్లూ కదిలించి యానిమేషన్ చేస్తారు. 57వ సెక్షన్ కింద మీ పేరు వేయమనే హక్కు, మీ పరువుకు భంగం కలిగేలా బొమ్మను మారిస్తే అడ్డుకునే హక్కు మీకు ఉన్నాయి. కాపీరైట్ అమ్మేసినా ఇవి పోవు. అయినా కోర్టుదాకా వెళ్లే కష్టం ఎందుకు? ‘కదిలించిన నమూనా చూపి, ఒప్పుదల తీసుకున్నాకే ప్రదర్శన’ అని ఒక్క వాక్యం రాయించుకోండి. చేర్యాలకున్న భౌగోళిక గుర్తింపు ఆ పేరును, ఆ రకం పనిని కాపాడుతుంది. మీరు గీసిన ఒక పటాన్ని ఎవరైనా నకలు తీస్తే అది అడ్డుపడదు.

ఫొటో విషయంలోనూ జాగ్రత్త. చేర్యాల పటాల ఎర్రటి నేపథ్యం వల్ల కెమెరాలో ఎరుపు నిండిపోయి, ఆ రంగులోని సన్న గీతలు మాయమవుతాయి. దీపాలు రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో పెట్టించి, రంగుల కార్డును పక్కన ఉంచి, వెలుతురు కొద్దిగా తగ్గించి తీయమనండి. కుదించని అసలు ఫైలు ఒక ప్రతి మీకు ఇవ్వాలని కూడా ఒప్పందంలో ఉండాలి. ఎందుకో తరువాతి జవాబు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: నేను కొన్న ఎన్ఎఫ్‌టీ వాలెట్‌లో కనబడుతోంది గానీ బొమ్మ రావడం లేదు. డబ్బు పోయినట్టేనా? – ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: టోకెన్ పోలేదు. బొమ్మకు దారి తెగింది. ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఈఆర్‌సీ-721 పద్ధతిలో చేసిన మామూలు టోకెన్‌లో ఉండేది ఒక నంబరు, యజమాని చిరునామా, ఒక లింకు. ఆ లింకు వివరాలు రాసి ఉండే ఒక చిన్న జేసన్ ఫైలుకు వెళ్తుంది. బొమ్మ ఎక్కడుందో ఆ ఫైలు చెబుతుంది. ఈ రెండు మెట్లలో ఏది విరిగినా ఖాళీ చదరమే కనబడుతుంది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి కూలిన తర్వాత, దాని సర్వర్ల మీద ఆధారపడిన ఎన్ఎఫ్‌టీల బొమ్మలు ఇలాగే మాయమయ్యాయి. టోకెన్లు మాత్రం కొన్నవాళ్ల పేరు మీదే మిగిలాయి.

ఈథీరియం లావాదేవీలు చూపే ఈథర్‌స్కాన్ సైట్‌లో మీ టోకెన్ కాంట్రాక్టు (ఆ టోకెన్లను నడిపే ప్రోగ్రాము) చిరునామా వేసి, ‘రీడ్ కాంట్రాక్ట్’ విభాగంలో ‘టోకెన్ యూఆర్ఐ’ దగ్గర మీ టోకెన్ నంబరు ఇవ్వండి. మామూలు వెబ్‌సైట్ చిరునామా వస్తే ఆ సర్వరు నడిపేవాళ్లు తిరిగి తెరిస్తే తప్ప మీరు చేయగలిగింది లేదు. ఐపీఎఫ్ఎస్ (ఫైళ్లను వేర్వేరు కంప్యూటర్లలో ఉంచి పంచుకునే ఏర్పాటు) చిరునామా వస్తే ఆశ ఉంది. అది ఫైలులోని సమాచారం నుంచే పుట్టిన చిరునామా, ఒక్క బైటు మారినా అది మారిపోతుంది. ఐపీఎఫ్ఎస్‌లో పెడితే ఎప్పటికీ ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, ఎవరో ఒకరు ఆ ఫైలును పిన్ చేసి నిలిపి ఉంచాలి. కంపెనీ అందుకయ్యే చందా కట్టడం మానేస్తే ఫైలు దొరకదు.

చిత్రకారుడి దగ్గర అసలు బొమ్మ ఫైలు, జేసన్ ఫైలు ఉంటే, మొదట ఎక్కించిన సెట్టింగులతోనే మళ్లీ పిన్ చేయించండి. పాత టోకెన్‌లో బొమ్మ తిరిగి వస్తుంది. ఫైలును ముక్కలు చేసే పరిమాణం వేరైనా చిరునామా కుదరదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి పనికిరాదు, అది కుదించిన వేరే ఫైలు.

ప్రశ్న: వాలెట్ మేమే తెరిచి ఇస్తాం, ఆ 12 పదాలు మా దగ్గర భద్రంగా ఉంటాయి అంటున్నారు. సరేననవచ్చా? – మంచిర్యాల

జవాబు: అనకండి. వాలెట్ అంటే టోకెన్లు ఉంచుకునే యాప్, ఆ 12 పదాలు దాని తాళంచెవి. ఆ పదాలు ఎవరి దగ్గర ఉంటే టోకెన్లు వాళ్లవే. వాలెట్ మీ ఫోన్‌లో మీరే తెరిచి, పదాలు కాగితం మీద రాసి దాచుకోండి. ఫొటో తీసి పెట్టుకోవద్దు.

ప్రశ్న: నేను వెండి ఫిలిగ్రీ డిజైన్లు చేస్తాను. నా డిజైన్ చేతులు మారిన ప్రతిసారీ 10 శాతం నాకే వస్తుందట. నిజమేనా? పన్ను ఎంత? – కరీంనగర్

జవాబు: దాని మీద లెక్క వేసుకోవద్దు. ఈఆర్‌సీ-2981 ప్రమాణం రాయల్టీ ఎంత, ఎవరికి అన్నది చెబుతుంది అంతే, వసూలు చేయదు. 2023 ఆగస్టు చివర్లో ఓపెన్‌సీ అనే ఎన్ఎఫ్‌టీ మార్కెట్ తప్పనిసరి వసూలుకు వాడే ఏర్పాటును ఎత్తేసి, అమ్మేవాళ్ల ఇష్టానికి వదిలింది. మీ కష్టానికి తగిన ధర మొదటి అమ్మకంలోనే తీసుకోండి.

ఎన్ఎఫ్‌టీ కొని అమ్మితే వచ్చే లాభం మీద 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయనివ్వరు. ఒకదాని నష్టాన్ని మరోదాని లాభంలో సర్దుకోనివ్వరు. 2022 జులై 1 నుంచి చెల్లింపులో 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. మీరే తయారుచేసిన దాన్ని మొదటిసారి అమ్మినప్పుడు దాన్ని ఎలా చూడాలన్న దానిపై ఆడిటర్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. అమ్మిన రోజు రూపాయి విలువ, లావాదేవీ నంబరు రాసి పెట్టుకుని మీ ఆడిటర్‌కు చూపండి.

ప్రశ్న: రామప్ప మదనికలను త్రీడీ స్కాన్ చేసి డిజిటల్ శిల్పాలుగా చూపాలనుంది. – ములుగు

జవాబు: 1213 నాటి గుడి కాబట్టి శిల్పాల మీద కాపీరైట్ ఎవరికీ లేదు. కానీ అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, 2021 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. స్టాండ్లు, లైట్లు పెట్టి పనిచేయాలంటే శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఫొటోలతో స్కాన్ చేసేటప్పుడు ఒక్కో ఫొటో ముందుదానితో 70 శాతం దాకా కలవాలి. మదనికల దగ్గర అసలు చిక్కు నునుపు దేలిన నల్లరాయి. కెమెరా కదిలితే మెరుపు కూడా కదులుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ మెరుపును రాతి గుర్తుగా పొరబడి ముక్కూ మోకాలూ సొట్టలు పెడుతుంది. మబ్బు పట్టిన రోజు, పోలరైజింగ్ ఫిల్టరుతో తీస్తే చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: కాజీపేటలో మాకు ఫంక్షన్ హాలు ఉంది. పెళ్లిళ్లు లేని రోజుల్లో మన చిత్రకారుల బొమ్మలతో ఇమ్మర్సివ్ (గోడ నిండా బొమ్మలు వేసే) ప్రదర్శన పెట్టాలని ఉంది. 20 అడుగుల గోడకు ఏమేం కావాలి? – హాలు యజమాని

జవాబు: ఒక గోడతో మొదలుపెట్టడం మంచి ఆలోచన. 1920×1200 పిక్సెళ్ల షార్ట్ త్రో (దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే) లేజర్ ప్రొజెక్టర్లు రెండు తీసుకోండి. రెండూ ఒకే మోడల్, ఒకే వయసువి కావాలి. రెండు బొమ్మలూ మధ్యలో 20 శాతం, అంటే 384 పిక్సెళ్లు ఒకదానిమీదొకటి పడాలి. మొత్తం 3456×1200 వస్తుంది. గోడ మీద 20 అడుగుల వెడల్పు, దాదాపు 7 అడుగుల ఎత్తు. ఒక్కో బొమ్మ వెడల్పు 11 అడుగులు కనుక త్రో నిష్పత్తి (గోడకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 0.5 అయితే ప్రొజెక్టరు గోడకు ఐదున్నర అడుగుల దూరంలో, పైన ఉండాలి. ఒక్కోదానికి 4000 లూమెన్ల వెలుగు చాలు, హాలు నిజంగా చీకటిగా ఉంటే.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ప్రొజెక్టరు నలుపును వేయలేదు. హాల్లో ఉన్న చీకటే గోడ మీద నలుపు. కిటికీలకు రెండు పొరల నల్లగుడ్డ కట్టండి. ఫంక్షన్ హాళ్లలో ఉండే తెల్లటి మెరుపు టైల్స్ వెలుగును తిరిగి గోడ మీదికే కొడతాయి, వాటి మీద ముదురు రంగు కార్పెట్ పరవండి. గోడకు మెరిసే రంగు వద్దు, లేత బూడిద రంగు మ్యాట్ ఎమల్షన్ వేయించండి.

బొమ్మలు కలిసే పట్టీ చీకటి దృశ్యాల్లో బూడిద రంగులో తేలుతుంది. రెండు ప్రొజెక్టర్ల కొద్దిపాటి వెలుగు అక్కడ కలుస్తుంది కాబట్టి. రిజొల్యూమ్ అరీనా లాంటి సాఫ్ట్‌వేర్‌లో నలుపు స్థాయి సరిచేసుకోవచ్చు. అంతకన్నా మేలు, పూర్తి నలుపు నేపథ్యం ఉన్న బొమ్మలు వేయకపోవడం. చేర్యాల ఎరుపు ఇక్కడ బాగా కలిసివస్తుంది. ప్రొజెక్టర్లలో వెలుగును, బొమ్మ ఆకారాన్ని వాటంతటవే మార్చే డైనమిక్ కాంట్రాస్టు, ఆటో కీస్టోన్ సెట్టింగులు రెండూ ఆపేయండి.

పటం గోడ మీద కథ నడిచినట్టు మెల్లగా జరిగితే చూడముచ్చటగా ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు సరిగ్గా ఒక పిక్సెల్ చొప్పున జరపండి. గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి 58 సెకన్లు పడుతుంది. ఒకటిన్నర, ఒకటింబావు పిక్సెళ్లు పెడితే సన్న గీతలు వణుకుతాయి. 3 పిక్సెళ్లకన్నా సన్నని గీతను కొద్దిగా లావు చేయించండి, చిత్రకారుణ్ని అడిగి.

వీడియోను మామూలుగా వాడే హెచ్.264లో కాకుండా హ్యాప్ అనే కోడెక్‌లో (వీడియోను కుదించి ఫైలుగా దాచే పద్ధతి) పెట్టి, వేగమైన ఎస్ఎస్‌డీ నుంచి నడపండి. రెండు ప్రొజెక్టర్లకూ ఒకే గ్రాఫిక్స్ కార్డు నుంచి సిగ్నల్ ఇవ్వండి. హెచ్‌డీఎంఐ తీగ 10 మీటర్లు దాటితే ఆప్టికల్ రకం వాడండి. లేకపోతే తెర మధ్యమధ్య నల్లబడుతుంది.

మనకు మే నెలలో బయటే 43, 44 డిగ్రీలు. చాలా ప్రొజెక్టర్లు 40 దాటితే వెలుగు తగ్గించుకుంటాయి లేదా ఆగిపోతాయి. పైకప్పు దగ్గర వేడి ఇంకా ఎక్కువ, కాబట్టి గాలి బయటికి పోయే దారి ఉండాలి. ఫిల్టరు దుమ్ము తరచూ దులపాలి. సబ్‌ఊఫర్లను ప్రొజెక్టరు స్టాండుకు దూరంగా పెట్టండి, అదురుకు మధ్య పట్టీ చెదురుతుంది. ప్రొజెక్టర్లు అరగంట వేడెక్కాకే బొమ్మలు కలపండి. కంప్యూటర్‌తో సహా 2 కేవీఏ యూపీఎస్ పెట్టుకోండి.

సెకనుకు మూడుసార్లకు మించి తెర మెరిసే దృశ్యం వద్దు, మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లకు ప్రమాదం. చీకటి కోసం బయటికి వెళ్లే దారి దీపాలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆర్పకండి. వాటి వెలుగు గోడ మీద పడకుండా పైన చిన్న రేకు అడ్డం పెడితే సరిపోతుంది.