వాటర్‌హౌస్ బొమ్మ కాపీ చేస్తున్నారా? ముందు చేతులు చూడండి

'హైలస్ అండ్ ది నింఫ్స్' బొమ్మను ప్రింట్ చూసి వేస్తున్నానని, ముఖాలు కుదిరినా ప్రాణం రావట్లేదని, ఆ బొమ్మ వేసిన ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ విలియం వాటర్‌హౌస్ ముందుగా వేసుకున్న స్టడీలు (సాధన బొమ్మలు) చూస్తే ఏమైనా లాభముంటుందా అని అడిగారు. చాలా ఉంటుంది. నేనూ అచ్చం ఇలాగే అవస్థ పడ్డాను.

మాంచెస్టర్‌లో చదువుకునే రోజుల్లో వీలైనప్పుడల్లా ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి ఆ బొమ్మ ముందు కూర్చునేదాన్ని. 1896లో వేసింది, వెడల్పు మీటరున్నర పైమాటే. నీళ్ల కోసం కొలనుకు వచ్చిన హైలస్ అనే కుర్రాణ్ణి ఏడుగురు జలకన్యలు లోపలికి లాగేసుకునే గ్రీకు కథ అది. మొదట్లో నేనూ ముఖాలే గీసుకునేదాన్ని. ఒకరోజు ముఖాల జోలికి పోకుండా చేతులు మాత్రమే గీశాను. ఒకామె అతని చెయ్యి పట్టుకుంది. ఇంకొకామె అరచేతిలో ముత్యాలు పెట్టుకుని చూపిస్తోంది. అప్పుడుగానీ అతనెంత ముందుకు వంగిపోయాడో నాకు తెలియలేదు. ఆ ఏడు ముఖాలూ అక్కచెల్లెళ్లలా ఒకే పోలికలో ఉంటాయి. కథంతా నడిపేది ఆ చేతులే.

వాటర్‌హౌస్ ఈ జలకన్యల తలలకు విడిగా స్టడీలు గీసుకున్నాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆయన స్కెచ్‌బుక్కులు కూడా ఉన్నాయి. మనకు ఒక్క ఊపులో వేసినట్టు కనిపించే బొమ్మ వెనక ఇంత కసరత్తు ఉంది.

తోట బొమ్మల్లో అయితే లివర్‌పూల్ దగ్గర పోర్ట్ సన్‌లైట్‌లో, లేడీ లీవర్ గ్యాలరీలో ఉన్న 'ది ఎన్‌చాంటెడ్ గార్డెన్' నాకు ప్రాణం. జనవరి చలిలో మే నెల పూలతోట కావాలని ఒకావిడ కోరుతుంది. ఇటాలియన్ రచయిత బొకాచియో చెప్పిన కథ. 1917లో వాటర్‌హౌస్ చనిపోయేటప్పటికి ఆ బొమ్మ పూర్తి కాలేదు. అయినా కాన్వాస్ అంతా కలిసే ముందుకు నడిచినట్టు నాకనిపించింది. దాని ముందు నిలబడి, నేను ఇంట్లో వేస్తున్న కాపీ గుర్తొచ్చి గుండె జారిపోయింది. ఒక్కో ముఖం నున్నగా పూర్తి చేశాకే పక్క ముఖానికి వెళ్లేదాన్ని. మిగతా కాన్వాస్ అంతా తెల్లగానే ఉండేది. బొమ్మ బిగుసుకుపోక ఏమవుతుంది?

మీరూ రంగులు కొన్నాళ్లు పక్కన పెట్టండి. అగ్గిపెట్టెంత సైజులో ఐదారు సార్లు వెలుగునీడలు మాత్రమే వేసి చూడండి. తర్వాత ముత్యాలున్న ఆ చెయ్యి ఒక్కటీ పెన్సిల్‌తో గీసి ఇక్కడ పెట్టండి. తప్పకుండా చూసి చెప్తాను.